గొంగళి కింద అక్క

నిన్న పక్కింటి అవ్వ మా గొంగళి కోసం వచ్చింది. రొయ్యలు తిన్న మనవరాలికి ఒళ్ళంతా దద్దుర్లట, పెదాలు వాచి ఊపిరాడటం లేదట. ఇంకా గొంగళేనా అని నీరసం వచ్చింది.

మన విడవలూరు ఇళ్ళల్లో దద్దుర్లు లేస్తే గొంగళితో రుద్ది, అదే కప్పి పడుకోబెట్టేవాళ్ళు, గుర్తుందా? ఆ గొర్రె వాసన, ఆ గరుకు? రొయ్యల ఇగురు తిన్న రోజు మా అక్కకూ అదే చేశారు.

"అమా, గొంతు మూసుకపోతా ఉంది" అంది అక్క.

"దద్దుర్లేలేమ్మా, దిగిపోతాయి" అంది అమ్మ.

అక్క ఆ గొంగళి కిందే చల్లబడిపోయింది.

అవ్వకు గొంగళి ఇవ్వలేదు. పాపను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూడగానే తొడకు సూది వేసింది. పాప ఊపిరి కుదుటపడింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గొంగళిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఒక్క సూదితో బతికేదా మే?" అంది.