కైమా మిషను పిడి

ఓ పొద్దున్న జడేసుకుందామని కుడిసెయ్యి ఎత్తితే, బుజం దాటి పైకి లేవనేదు. యుద్ధం రోజులవి. విజయనగరం కంటోన్మెంటు బంగళాలకి ఇంట్లోనే మేకమాంసం కైమా ఆడి ఇచ్చీదాన్ని. బల్లకి బిగించిన ఇనప మిషను. కుడిసేత్తో పిడి తిప్పడం, ఎడంసేత్తో మాంసం లోపలికి నొక్కడం. ఆరేళ్లు అలాగే తిప్పేను.

ఆసుపత్రిలో డాక్టరుగారు బుజం కదిపి సూసి, "ఫ్రోజెన్ షోల్డర్. రెండు నెలలు కంప్లీట్ రెస్ట్" అన్నారు. రెస్టంట! నేను కూకుంటే బంగళాలోళ్లు ఇంకొకళ్లని సూసుకోరేటి?

మా మావ, అంటే మా ఆయన, బియ్యం మిల్లులో ఫిట్టరు. "ఒసే, నువ్వు తిప్పక్కర్నేదు. కరెంటే తిప్పుతాది, సూడు" అని పాత మోటారొకటి తెచ్చేడు. పిడి ఊడదీసి అటకమీద పడేసి, దాని సోట సక్రం బిగించి బెల్టు తగిలించేడు. స్విచ్చి మాత్రం వీధిగుమ్మం పక్కనున్నాది. "మరి ఆపాలంటేనో?" అన్నాను. "ఎందుకాపుతావే?" అని నవ్వేడు. నేనూ నవ్వేను.

నాలుగు రోజులు రాజభోగం. అయిదోనాడు ఎముకముక్క అడ్డుపడింది. పాత అలవాటుకొద్దీ ఎడంసేతి ఏళ్లు పెట్టి నొక్కేను. పిడి తిప్పినన్నాళ్లూ ఒక సెయ్యి ఎక్కడున్నాదో రెండో సేతికి తెలిసీది. మోటారుకి ఏటి తెలుస్తాది? రెండు ఏళ్లని లోపలికి లాగేసింది. కుడిసెయ్యి లేవదు. లేసినా స్విచ్చి అందదు. "మావో, ఆపు!" అని ఊరంతా ఇనపడేలా అరిసేను. మావ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆపేడు.

మోటారైతే ఆగింది గానీ ఏళ్లు రానేదు. సక్రం వెనక్కి తిప్పబోతే బిగుసుకుపోయింది. బల్లమీంచి మిషను ఊడదీసి, సేతితో సహా నన్ను జట్కా ఎక్కించేడు. డాక్టరుగారు సూసి, "దీని హ్యాండిల్ ఏదయ్యా?" అన్నారు. పిడి అటకమీదే ఉండిపోయింది. మావ ఇంటికి పరిగెత్తేడు.

అతనొచ్చీదాకా ఆ ఇనుముని ఒళ్లో పెట్టుకుని కూకున్నాను. లోపల నా ఏళ్లున్నాయో నేవో తెల్దు. లేవలేను, పడుకోలేను. అంత బయం నా జన్మలో పడనేదు.

క్లోరోఫామ్ ఇచ్చేక, "మిషను సంగతి నీకే తెలుసు, నువ్వే తిప్పు" అన్నారట డాక్టరుగారు. మావే ఏడ్సుకుంటూ పిడి వెనక్కి తిప్పేడంట.

మూడోనాడు జొరం. "సెప్టిక్ అయింది. చూపుడువేలు తీసెయ్యాలి" అన్నారు. తీసేసేరు. నడిమి ఏలు మిగిలింది గానీ వంగదు. రోజూ డ్రెస్సింగు, సల్ఫా మాత్రలు, వాంతులు. నెలన్నర మంచం మీదే. ఇసిత్రం సూడండి, బుజానికి రెస్టు అలా దొరికింది. ఇప్పుడు జడ నేనే ఏసుకుంటన్నాను.

మోటారు పారేస్తానన్నాడు మావ. నేనే వద్దన్నాను. స్విచ్చి నా పక్కకి మార్పించేను. మాంసం పప్పుగుత్తితోనే నొక్కుతాను. మీరూ మోటారు పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, ఏలు మాత్రం పెట్టకండి, పిడి అటకెక్కించకండి.

నేను స్విచ్చి ఏసినప్పుడల్లా మావ మిల్లుకెళ్లకుండా ఆగి పక్కనే నిలబడతాడు, పిడి సేత్తో పట్టుకుని. "ఎల్లు మావా, ఏటీ కాదు" అంటాను. కైమా అయ్యీదాకా కదలడు.