బొట్టుదాని చెవికి సర్కారు బిల్ల

నా చిన్నప్పుడు గొర్రె ఎవరిదో చెవి చూసి చెప్పేవాళ్లు. పాలమూరు వైపు గొర్రెలు కాసే ఇళ్లకు తలా ఒక కోత ఉండేది. మాది కుడిచెవి కొనకు చీలిక, ఎడమచెవి అంచున గోరంత గంటు. పిల్ల పుట్టిన నెలలోపే మా బాపు కొడవలి మొనతో ఆ కోత పెట్టి పసుపు అద్దేవాడు. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, అప్పటికే చూపు మందగించిన మనిషి. సాయంత్రం దొడ్డి కంప దగ్గర కూర్చుని, లోపలికి పోయే ఒక్కొక్క దాని చెవి తడిమి మావి అన్నీ వచ్చాయో లేదో చెప్పేది. పది మందలు కలిసిపోయినచోట కూడా ఆ కోతను కాదన్న మనిషిని నేను చూడలేదు.

మందలో ముప్పై దాకా ఉండేవి, అన్నీ నల్లవి. ఉన్ని కత్తిరిస్తే గొంగళ్లు. రైతుల చేలల్లో మందను పడుకోబెడితే ఎరువుకు బదులు జొన్నలు. మా కూడు, మా గుడ్డ అంతా వాటి మీదే. అందులో నుదుట తెల్లమచ్చ ఉన్న బొట్టుది నాది. తల్లి చచ్చిపోతే మేకపాలు తాగించి నేనే సాకాను. ఒళ్లో తుమ్మకాయలు పోసుకుని "బొట్టూ" అన్నానంటే మంద మొత్తాన్ని తోసుకుంటూ వచ్చేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవకుడు ఒకాయన మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తెల్లటి బట్టలు, నవ్వుమొహం. మా కుక్కిమంచం మీదే కూర్చుని మజ్జిగ తాగేవాడు. సర్కారు మనిషి గొర్రెలవాళ్ల ఇంట్లో అంత చనువుగా కూర్చోవడం మేమెన్నడూ ఎరగం, అందుకే బాపు మురిసిపోయాడు. పేద కాపరులకు ఇంటికి ఇరవై గొర్రెలు ఇచ్చినట్టు కాగితాల్లో ఉందట, గొర్రెలు మాత్రం ఇంకా రాలేదట. ఈలోగా హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు చూడవస్తున్నాడట.

"ఒక్క పూట మీ గొర్లనే నిలబెట్టుండ్రి. అసలువి రాంగనే మొదలు మీ ఇంటికే తోలిస్త," అన్నాడు. ఆ మాట మీద బాపు ఏదో కాగితానికి వేలిముద్ర వేశాడు. మరునాడు ఇరవై గొర్రెల చెవులకు రంధ్రాలు చేసి, అంకెలు కొట్టిన రేకు బిల్లలు బిగించారు.

అవ్వకు అది నచ్చలేదు. "మన గొర్రె చెవికి వాని బిల్ల ఎందుకురా?" అంది. "కోత మనది ఉండంగ బిల్ల ఎవనిదైతేంది? ఉండనియ్యే," అని బాపు కొట్టిపారేశాడు. ఆయన ఎరిగిన లోకంలో చెవికోతకు మించిన సాక్ష్యం లేదు మరి. నేను ఏడ్చి గోల చేస్తే మటుకు బొట్టుదాన్ని వదిలేసి ఇంకొకదానికి బిగించారు.

నాకూ పని పడింది. పెద్దవాళ్లు చెబితే ఆఫీసరు నమ్మకపోవచ్చు, పసిపిల్ల చెబితే నమ్ముతాడట. ఆ మహానుభావుడు రెండు రోజులు నా ముందు గొంతుకూర్చుని, పిప్పరమెంట్లు పెట్టి మాట నేర్పించాడు. "ఇవి సర్కారు గొర్లు. సర్కారు మాకిచ్చింది." తప్పులేకుండా చెబితే "నా బంగారు తల్లీ" అని బుగ్గ గిల్లేవాడు. మా ఇంట్లో నన్ను అట్లా పొగిడినవాళ్లు ఎవరున్నారు? ఆ రెండు రోజులూ నా కాళ్లు నేల మీద నిలవలేదు.

జీపు వచ్చింది, దండలు వేశారు. ఆఫీసరు నా తల నిమిరి, "ఎవరి గొర్రెలమ్మా ఇవి?" అని అడిగాడు. గడగడా అప్పజెప్పాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది, పాడు నోరు! బొట్టుదాని మెడ పట్టుకుని, "ఇది సుత సర్కారుదే," అన్నాను. అది ఎవరూ నేర్పింది కాదు, నేను కలిపిందే.

"మరి దీనికి బిల్ల లేదేం?" అన్నాడు ఆఫీసరు. "ఊడిపోయింది సార్," అంటూ గ్రామసేవకుడు నవ్వుతూ జేబులోంచి ఒకటి తీసి అక్కడికక్కడే బిగించాడు. అది నొప్పికి అరిచింది. అందరూ నాకు చప్పట్లు కొట్టారు.

తరవాత బిల్లలు పీకేస్తామంటే ఆయనే వద్దన్నాడు. అవి ఉంటే పశువుల దవాఖానలో మందు ఊరికే ఇస్తారట. సరేనని ఉంచాం.

ఏడాది తిరిగింది. గ్రామసేవకుడు ఎక్కడికో బదిలీ అయిపోయాడు. తాలూకా కచేరీ నుంచి జవాన్లు వచ్చి, బాపు వేలిముద్ర వేసిన కాగితం ప్రకారం సర్కారు గొర్రెలను ఏడాది కాగానే తిరిగి అప్పజెప్పాలని, వాటికి పుట్టిన పిల్లలు మాత్రమే మావని చెప్పారు. కాగితంలో ఇరవై ఉంటే, బిల్లలున్న ఇరవై ఒక్కటీ తోలుకుపోయారు. మాకు మిగిలినవి ముసలివీ, పాలు మరవని పిల్లలూ.

బాపు నన్ను వెంటబెట్టుకుని కచేరీకి పోయాడు. మూడు రోజులు వరండాలో కూర్చోబెట్టి నాలుగో రోజు లోపలికి పిలిచారు. "దొరా, చెవులు చూడుండ్రి, మా కోత ఉంటది. ఏ కాపరినన్న అడుగుండ్రి," అని బాపు చేతులు జోడించాడు. తహసీల్దారు కాగితం తీసి చూశాడు. వేలిముద్ర ఉంది. దాని కింద, ఇంటి పిల్ల తన నోటితో ఒప్పుకుందని ఆఫీసరు రాసిన మాట కూడా ఉంది. బాపు నన్ను ముందుకు తోశాడు.

"అప్పుడు అబద్ధం చెప్పిన సార్. గవి మా గొర్లే," అన్నాను.

ఆయన గుమాస్తా వైపు చూసి నవ్వాడు. "అప్పుడు అబద్ధమాడిన పిల్ల ఇప్పుడు నిజం చెప్తుందా?"

గుమాస్తా కూడా నవ్వాడు. మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

హర్రాజులో ఆ గొర్రెలను మా ఊరి పటేలే పాడుకున్నాడు. తన గుర్తు తెలియాలని వాటి చెవులు సగానికి కోయించాడు. మా కోతా పోయింది, సర్కారు బిల్లా పోయింది. ఆ మందకే మా బాపు జీతగాడయ్యాడు. ఒక సాయంత్రం మంద మా ఇంటి ముందు నుంచి పోతుంటే, బొట్టుది నన్ను చూసి గుంపు వదిలి మా దొడ్డిలోకి పరుగెత్తుకొచ్చింది. అవ్వ దాని చెవులు తడిమింది. మొండి చెవులు. "ఇది మనది కాదు, తోలు," అంది. బాపు కట్టె అందుకున్నాడు. ఆయన గొర్రెను కొట్టడం నేను చూసింది అదే మొదటిసారి. అది నా వైపే చూస్తూ అరిచింది. నేను పిలవలేదు, పక్కకు తిరిగి నిలబడ్డాను.

అవ్వ నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. వేసినా బాగుండేది. ఆనాటి నుంచి "రావే సర్కారు పిల్లా, గట్క తిను," అని పిలిచేది. చచ్చేదాకా నన్ను పేరుతో పిలవలేదు. ఎనిమిదేళ్ల పిల్లను పట్టుకుని అంత పగ ఏమిటని ఆ ముసలిదాని మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఎవరైనా నవ్వుతూ దగ్గరికి వచ్చి "గిట్ల చెప్పు, చాలు" అంటే నా దవడలు వాటంతటవే బిగుసుకుంటాయి.

మొన్న మనవరాలు బడి నుంచి వచ్చి ఏదో వల్లెవేస్తోంది. రేపు తనిఖీకి ఎవరో వస్తున్నారట, "మాకు వారం వారం గుడ్లు పెడ్తున్రు సార్" అని చెప్పాలట. "పెడ్తున్రా బిడ్డా?" అని అడిగాను. "ఎప్పుడో ఒక్కపారి పెట్టిన్రు నానమ్మా. గిట్ల చెప్తే మా సార్ చాక్లెట్ ఇస్తడట," అంది కళ్లు మెరిపిస్తూ.

మరునాడు దాన్ని బడికి పంపలేదు. గడియ పెట్టి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. చాక్లెట్ పోయిందని పొద్దూకేదాకా ఏడ్చింది. ఏడవనీ, అనుకున్నాను.