ఎల్బీనగర్ చౌరస్తాలో ఎండ్రకాయల కూర

ఆ రోజుల్లో మా ఎల్బీనగర్‌లో పంచాంగం చూసేవాళ్ళు తక్కువ, టీవీ కింద పరుగెత్తే అక్షరాలు చూసేవాళ్ళు ఎక్కువ. రేపు బంద్ ఉందా, ఉంటే మధ్యాహ్నందాకానా సాయంత్రందాకానా, బస్సులు కదులుతాయా అన్నవే మాకు తిథి వార నక్షత్రాలు. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల కోచింగ్‌కు పోయేదాన్ని. పోయేదాన్ని అంటే, తెరిచి ఉన్న రోజున పోయేదాన్ని. మిగతా రోజుల్లో ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. పరీక్ష ఎప్పుడో తెలియదు, అసలు ఉంటుందో లేదో తెలియదు, చదివింది గుర్తుండదు, పడుకుంటే నిద్ర రాదు. (ఇదంతా ఉద్యమం వల్లే అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, నా స్వభావమే అంత.)

సరిగ్గా అప్పుడే మా వదిన వాళ్ళ నాన్న, అంటే నాకు మామయ్య, దిగాడు. మాది నల్గొండ వైపు, వదినది భీమవరం వైపు. అన్నా వదినా మాకెవరికీ చెప్పకుండా రిజిస్టరు పెళ్ళి చేసుకుని ఎనిమిది నెలలయింది. మామయ్య కూతురిని చూడటానికి రావడం అదే మొదటిసారి. ఒక్క పూట ఉండి పోదామని వచ్చిన మనిషి, బస్సులు ఆగిపోయి మా రెండు గదుల వాటాలో ఇరుక్కుపోయాడు. అమ్మేమో ఆయనతో మాట్లాడదు. మర్యాద తక్కువ చేయదు, వేడివేడిగా వడ్డిస్తుంది, కానీ చెప్పవలసిందంతా గోడకు చెబుతుంది. "ఆయనకు చాయ్ గావాల్నేమో అడుగు" అని గోడతో అంటే, పక్కనే కూర్చున్న ఆయన "చాలమ్మా, ఇప్పుడే తాగాను" అని గోడకే జవాబిచ్చేవాడు. ఓసారి నోరు జారి "ఈ ఊళ్ళో పీతలు దొరకవు కదమ్మా" అన్నాడు. "మా దిక్కు ఎండ్రకాయలు లేవా? ఒకపాలి మా పొలాలు సూడమని చెప్పు" అంది అమ్మ, ఈసారి ఫ్రిజ్‌తో.

మూడో రోజు వంటింట్లో వదినతో ఆయన మెల్లగా అనడం విన్నాను. "నాతో మాట్లాడేది ఆ టీవీ ఒక్కటే తల్లీ. బస్సు లేకపోతే నడిచైనా రేపు పోతాను. మళ్ళీ రమ్మనకు." వదిన పొయ్యి వైపు తిరిగి ఏడ్చింది. ఆయన అలా వెళ్ళిపోతే ఇక రాడు, అమ్మ ఎప్పటికీ పిలవదు, మధ్యలో వదిన ఒక్కతే మిగిలిపోతుంది. ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో తెలియక, "మామయ్యా, రేపు పొద్దున ఎండ్రకాయలు పడదాం పద! నాకు చిన్నప్పటి నుంచి అలవాటే" అనేశాను. (నా చిన్నప్పుడు నేను పట్టింది జలుబు ఒక్కటే.)

నా కోచింగ్ స్నేహితురాలొకతి ఉంది, నిద్రలో కూడా బిట్లు వల్లించేది కనుక పేరు బిట్‌బ్యాంక్. హయత్‌నగర్ దాటాక వాళ్ళ నాయనమ్మకు వరిపొలం ఉంది. తెల్లారగానే అన్న నడిపే బండి వెనక మామయ్య, బిట్‌బ్యాంక్ స్కూటీ మీద నేను, మధ్యలో ఒక బకెట్. గట్టు మీదకు రాగానే మూడు రోజులుగా ముడుచుకుని కూర్చున్న మనిషి పంచె ఎగ్గట్టి కాలువలోకి దూకాడు. నేను మాత్రం ఎటు చూడాలో తెలియక గట్టుకు చెయ్యానించి, తెలిసినదానిలా నిలబడ్డాను.

"బొక్క చూడమ్మాయ్, ముందు బొక్క చూసుకో!" అని అరిచాడు.

మాకు బొక్క అంటే ఎముక. "ఎండ్రకాయకు బొక్కలెక్కడియి మామయ్యా? అంత పెంకే గదా!"

"బొక్క లేకపోతే అదెక్కడ ఉంటుందమ్మా?"

"పీతకు ఎముకలు లేవు, అది అకశేరుకం" అంది బిట్‌బ్యాంక్.

"ఎముకలెవరడిగారండీ! నీ చేతి కిందే ఉంది బొక్క!"

నా చేతిలో బొక్క ఉండక ఏముంటుంది అని నేను వాదిస్తూ ఉండగానే చూపుడువేలు పటుక్కుమంది. "అయ్యో, బొక్క ఇరిగిందే!" అని నేను గంతులు వేస్తుంటే, "ఆఁ, ఆ బొక్కేనమ్మా నేను చెప్పేది!" అని మామయ్య సంబరపడ్డాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న నాయనమ్మ కొడవలి పక్కన పెట్టి తీరిగ్గా నవ్వి, "ఆయనకు బొక్కంటే మన పొక్క, బిడ్డా" అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత మామయ్యా నాయనమ్మా కలిసి బకెట్ సగం నింపారు. నేను వేలు నోట్లో పెట్టుకుని పర్యవేక్షించాను.

తిరిగి వచ్చేసరికి ఎల్బీనగర్ చౌరస్తా నిండా జనం. రోడ్డు మీదే వంటావార్పు, అంటే అక్కడే వండుకుని అక్కడే తిని దారి ఆపే నిరసన. మా బస్తీ ఆడవాళ్ళ మధ్య అమ్మ, పక్కన బియ్యం ఏరుతూ వదిన. "మామయ్యా, మీరు జర నోరు తెరవకుండ్రి" అని అన్న ఆయన చెవిలో ఊదాడు. ఆయన బుద్ధిగా తలూపాడు. ఎవరో బకెట్‌లోకి తొంగిచూసి "అరె, ఎండ్రకాయలు!" అన్నారు. ఇంకేముంది, చేతులు మారుతూ బకెట్ పొయ్యి దగ్గరికి పోయింది. కడిగారు, ఉల్లిగడ్డ వేయించారు, ఒకాయన చెంబెడు నీళ్ళు ఎత్తాడు.

"ఆగండి బాబూ, ఆగండి! పీతల్లో అన్ని నీళ్ళు పోస్తారటండీ!"

అన్న ముఖంలో నెత్తురు లేదు. గులాబీ కండువా వేసుకున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏ ఊరు నీది?" అన్నాడు.

"భీమవరం దగ్గరండి" అన్నాడు మామయ్య. "మా అమ్మాయిని ఈ ఊరే ఇచ్చానండి."

ఆ పెద్దమనిషి ఆయన్ను కిందినుంచి మీదిదాకా చూసి, చేతిలోని గంటె అందించాడు. "మరి దూరంకెల్లి చెప్తవేంది? నువ్వే ఒండు, సూద్దాం."

మామయ్య వండాడు. చెమటలు కక్కుతూ, చింతపులుసు చాలదని కసురుకుంటూ, పేరు తెలియని వాళ్ళందరికీ తనే వడ్డించాడు. అప్పుడేనట, అమ్మ విస్తరి ముందు నుంచి లేచి, జీవితంలో మొదటిసారి గోడ సాయం లేకుండా ఆయనతో మాట్లాడింది. "అన్నా, అందరికి పెట్టుడేనా? నువ్వు సుత కూసో. నేనేస్త" అందట. వదిన బియ్యపు చేట వదిలేసి ఏడ్చిందట.

అందట, ఏడ్చిందట అని ఎందుకంటున్నానంటే, నేను చూడలేదు. ఈ ముచ్చట ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పేరంటాల్లో చెప్పానో లెక్కలేదు, అమ్మ గొంతు అనుకరించి మరీ, కళ్ళారా చూసిన దానిలాగే చెప్పాను. నిజానికి బకెట్‌లోంచి ఒక ఎండ్రకాయ తప్పించుకుంది. నా వేలు కొరికింది అదేనని నా గట్టి నమ్మకం. నేను దాని వెంటపడి, ఆగి ఉన్న లారీ కింద బోర్లా పడుకుని ఉన్నాను. దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చేసరికి అమ్మా మామయ్యా ఎదురెదురుగా కూర్చుని చింతపండు గురించి కొట్లాడుకుంటున్నారు.

మామయ్య పోయి మూడేళ్ళయింది. మొన్న అమ్మను అడిగాను, ఆ రోజు ఆయనతో సరిగ్గా ఏమన్నావని. "ఏమో, యాదికి లేదు. తినమన్ననేమో" అంది. మూడు రోజులు ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని తిరిగిన పిల్ల, తీరా అది వచ్చిన వేళకు లారీ కింద దేవులాడుతూ ఉంది. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కళ్ళు కూడా తడుస్తాయి. ఎండ్రకాయ కూడా దొరకలేదు దానికి, పాపం.