ఓర్పు కాదు, సైజు తప్పు

మా మేనత్త పోయింది. మామిడికాయ కోయిస్తూ తోటలోనే, కాసేపు కూర్చుంటానని కూర్చుని అలాగే వాలిపోయిందట. మా ఇల్లు వాళ్ళింటి వెనకే. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వాకిట్లో మగవాళ్ళు అప్పుడే మొదలుపెట్టేశారు: "ఎంత ఓర్పండీ ఆవిడది! ఏనాడైనా నోరు తెరిచి నాకిది కావాలని అడిగిందా?"

అడిగింది. మీకు వినపడలేదు.

నేను పదో తరగతి తప్పినదాన్ని. పోయినవాళ్ళ గురించి పద్ధతిగా రాయడం నాకు చేతకాదు. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది కాబట్టి రాస్తున్నాను. మా అత్త అడిగింది ఒక్కటే. భుజాలు కోయని, వీపు మీదికి ఎగబాకని బాడీ. కొట్లో బ్రా అంటారే, అదే. సిగ్గుపడేవాళ్ళు ఇక్కడితో ఆపేయండి, నాకేం నష్టం లేదు.

ఎవరితో మాట్లాడుతున్నా ఆవిడ బొటనవేలు రవిక భుజంలోకి దూరి పట్టీని పైకెత్తుతూ ఉండేది. "సాయంత్రం ఇది విప్పాకేనే నాకు తెల్లారేది" అనేది నాతో.

మా వైపు ఆడవాళ్ళు ఇవి కొనుక్కోరు. నూజివీడు వెళ్ళిన మగాడు తోటకి మందు కొన్న చేత్తోనే ఇవీ కొనుక్కొస్తాడు. కొట్టువాడు సైజు అడిగితే మా మావయ్య అత్త రవిక కొలత చెప్పేవాడు, ముప్పై ఎనిమిదని. అత్తకీ, కాయలు కోసే చిక్కం కర్రలా ఉండే ఆవిడ కోడలికీ కలిపి ఒకటే డబ్బా!

"ఇది వదులండీ, వెనక పైకి పాకుతోంది."

"పట్టీలు బిగించుకో, అదే సరిపోద్ది."

"పోనీ నేనే వెళ్ళి చూసుకుంటాను."

"ఆడాళ్ళు బజార్లో నిలబడి ఇవి ఏరుకుంటారా? పరువుండక్కర్లా?"

చూశారా, ఆయన పరువు కూడా ఆవిడ భుజాలే మోయాలి. బిగించిన కొద్దీ పట్టీలు దిగి, భుజాల మీద గాడులు పడ్డాయి.

చింతలపూడిలో చుట్టాల నిశ్చితార్థం వచ్చింది. "అమ్మాయ్, నూజివీడు వెళ్తున్నావుగా, నాకో ప్యాంటు పట్రా" అన్నాడు మావయ్య. దేవుడే అడిగించాడనుకున్నాను. బయల్దేరే ముందు, ఆటో వాకిట్లో హారన్ కొడుతుంటే ప్యాంటు తీసి ఇచ్చాను.

"ఏంటే ఇది, ఇద్దరు పట్టేట్టున్నారు!"

"మీ చొక్కా నలభై రెండు కదా మావయ్యా, అందుకని ప్యాంటూ నలభై రెండే తెచ్చా."

"నడుం కొలత వేరే ఉంటదే, బుద్ధి లేనిదానా!"

"బెల్టు బిగించుకోండి, అదే సరిపోద్ది."

మార్చుకునే తీరిక లేక నిశ్చితార్థమంతా ఒక చేత్తో నడుం పట్టుకునే తిరిగాడు. వియ్యాలవారికి ఒంటిచేత్తో దణ్ణం పెట్టాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం నవ్వలేదు. "మీ నడుముకి వేరే కొలత ఉన్నప్పుడు నాకూ ఉంటది. రేపు నేను బజారుకెళ్తున్నా" అంది.

ఆడవాళ్ళే అమ్మే కొట్టుకి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి టేపుని ఛాతీ కింద చుట్టింది. "ఇదండీ కింది పట్టీ సైజు, ముప్పై నాలుగు. పైన కొలిస్తే ముప్పై ఎనిమిది. ఆ తేడాని బట్టి కప్పు. మీది డి. బరువు కింది పట్టీ మొయ్యాలండీ, భుజాలు కాదు."

"డీ అంటే పరీక్ష తప్పినట్టా అమ్మా? మా మేనకోడలికి అలవాటే గానీ నాకు కొత్త."

ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి ఎంతకీ రాదే! తలుపు కొట్టాను. "అత్తా, బతికే ఉన్నావా?"

"ఉండవే. ఇప్పుడే మొదలెట్టాను."

మర్నాడే కోడల్నీ తీసుకెళ్ళి, ఆ పిల్ల కొలత ఆ పిల్లకి తీయించింది.

ఇదంతా కిందటేడు కాపు ముందు మాట. అంటే పెళ్ళయిన దగ్గర్నుంచి పోయేదాకా ఆవిడ హాయిగా ఊపిరి పీల్చింది ఏడాదే. తక్కిన ఏళ్ళకి ఎవరు జవాబు చెబుతారు? ఓర్పట, ఓర్పు!

చీరలు అడ్డం పట్టుకుని ఆవిడకి స్నానం చేయించాం. పసుపు రాస్తుంటే గాడులు ఇంకా చేతికి తగిలాయి. నేను ఆగలేకపోయాను. వాకిట్లోకి వినపడేట్టు అరిచాను: "ఇది ఓర్పు కాదయ్యా, సైజు తప్పు! మీరు తెచ్చిన సైజు!"

కొత్త చీర, రవిక తీశారు. నేను ఆవిడ బాడీ కూడా తెమ్మన్నాను. ఓ పెద్దావిడ మూతి తిప్పింది. "రవిక చాల్లేవే, పోయినదానికి అదెందుకు?"

"బతికుండగా మీరు సరైనది తొడుక్కోనివ్వలా. ఇప్పుడన్నా తొడగనివ్వండి."

కోడలు లోపలికెళ్ళి తెచ్చింది. ఇద్దరం ఆవిడని పక్కకి ఒత్తిగిలబెట్టి పట్టుకున్నాం. వెనక కొక్కేలు కోడలే పెట్టింది. పెట్టి, కింది పట్టీలోకి రెండు వేళ్ళు దూర్చి చూసింది. రెండే దూరితే సరైన సైజని ఆ పిల్లకి అత్తే నేర్పింది.

రెండే దూరాయి.

"సరిపోయిందత్తయ్యా" అంది, వేళ్ళు ఇంకా తీయకుండానే.