పొగ పరీక్ష

ఒమాన్‌లో నన్ను ఎలాగైనా కంపెనీ నుంచి వెళ్లగొట్టాలని మా కడప మేస్త్రీ నెలల తరబడి పొగబెడుతుండేవాడు. తొంభైల్లో ఒకసారి ఖురియాత్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న పాత ఇంట్లో, ఉప్పుగాలికి తుప్పుపట్టిన పొగగొట్టం లోపలి రేకు మార్చాం. పరీక్ష చేసే పద్ధతి ఆయన నేర్పిందే. కింద పొగ వేసి, పైన గొట్టాన్ని తడిగోనెతో కాసేపు మూస్తే, పొగ ఎక్కడ నుంచి బయటికొస్తోందో తెలిసిపోతుంది. ఆయన పొయ్యి దగ్గర నిలబడ్డాడు. నేను డాబా ఎక్కి గొట్టం మూశాను.

"గోనె తీయ్‌రా!" అని కింద నుంచి కేక.

"ముయ్యాల్నా? గట్టిగనే మూసిన మేస్త్రీ!"

మళ్లీ కేక, వెంటనే దగ్గు. నేను గోనె మీదెక్కి కూర్చున్నాను.

చివరికి ఎర్రబడ్డ కళ్లతో బయటికి ఉరికొచ్చాడు. "నాకే పొగబెడతావారా?"

"నేర్పింది నువ్వే గద మేస్త్రీ!"