వంతెన దగ్గర ఎవరూ దిగలేదు

గురువారం జరిగినవి జరిగిన వరుసలోనే రాస్తున్నాను. వరుస తప్పితే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

1. ఉదయం తెనాలిలో మా ఇంటి ముందు డాక్టరుగారి కారు వచ్చి ఆగింది. మా పాత కారు తీసేసి దాన్ని కొనాలా, వద్దా అన్నది ఆ రోజు తేలవలసి ఉంది.

2. తేల్చవలసినవారు మా మావయ్య, అమ్మకు తమ్ముడు. బాపట్ల నుంచి మొదటి బస్సుకు వస్తానన్నారు. మా తమ్ముడు బస్టాండుకు ఎదురువెళ్ళాడు.

3. బస్సు వచ్చింది. మావయ్య దిగలేదు. వారి పక్కింటాయన దిగి, "మీ మావయ్యగారు పోయారండి. పొద్దున్నేనండి" అన్నాడు.

4. ఆయనతో కలిసి ఇంటిల్లిపాదీ గుమ్మంలో ఉన్న ఆ కారే ఎక్కి బాపట్ల వెళ్ళాం.

5. వంతెన దగ్గర ఎవరూ దిగలేదు.

ఐదోది చదువరులకు చిన్న సంగతిగా తోచవచ్చు. మా ఇంట్లో ఒకరు చెప్పకుండా అటువంటిది చాలా ఏళ్ళుగా జరగలేదు.

మా పాత కారు తొమ్మిదివందల సి.సి.కి లోపుది. కొత్తలో బాగానే లాగింది. ఇంజను అరిగినకొద్దీ కాలువ వంతెనల మీద ఆయాసపడసాగింది. ఎటు చూసినా బల్లపరుపుగా ఉండే మా డెల్టాలో కారుకు ఉన్న కొండలు ఆ వంతెనలే. అందుచేత వంతెన రాగానే అందరం దిగి నడిచేవాళ్ళం. దిగమని ఎవరూ చెప్పనక్కరలేదు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నట్టు తెరుచుకునేవి. మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్మ ఒక్కతే లోపల కూర్చునేది. మేము వెనక నుంచి నెట్టేవాళ్ళం.

ఒకసారి రేపల్లెలో చెల్లెలింటికి వెళుతూ ఉంటే, వంతెన పక్క టీకొట్టు దగ్గర ఎవరో, "రథం వచ్చిందర్రా, రండి, పట్టండి!" అని కేకవేశారు. అమ్మ కూడా నవ్వింది. కాని ఆ తరువాత మళ్ళీ ఆ కారు ఎక్కలేదు. బస్సు మెట్లు ఎలాగూ ఎక్కలేదు. రేపల్లె వెళ్ళడమే మానుకుంది.

కారు మార్చడమన్న ఆలోచన అక్కడ మొదలైంది. కొత్త కారుకు పేరు రాయించుకుంటే ఎప్పటికి వస్తుందో తెలియదు. వాడిన కార్లు రెండు కుదిరాయి. చెరుకుపల్లి రైసుమిల్లు యజమాని కారు పదిహేనువందల సి.సి. తెనాలి డాక్టరుగారిది పదకొండువందలు. నేను పెద్దదాని వైపు మొగ్గాను. పెట్రోలు ఇంత ప్రియమైన రోజుల్లో కూడా, అమ్మ కోసం పెద్ద ఇంజనే న్యాయమని నా వాదం.

మావయ్య బాపట్లలో హైస్కూలు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను హైస్కూలు మధ్యలో మానేసినవాణ్ణి. వేసవి సెలవుల్లో ఆయన మా పొలానికి వచ్చి, నీళ్ళు తోడే ఆయిలింజను విప్పి, భాగాలన్నీ గోనెపట్టా మీద పరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. "పేరు తర్వాతరా. ఇది చేసే పనేంటో చెప్పు" అనేవారు. పని చెప్పగలిగితేనే పేరు చెప్పేవారు. నాకు అబ్బిన చదువంతా ఆ గోనెపట్టా మీదిదే.

ఏ కారు చూసినా ఆయన మొదట వెనకసీటులో కూర్చునేవారు. కళ్ళజోడు ఉత్తరీయంతో తుడుచుకుని, అప్పుడు మాట్లాడేవారు. "ఇంజనెంత అని కాదురా అడగాల్సింది. ఎవరెవరు ఎక్కుతారని అడుగు."

ఆ మాటలు జరుగుతున్నప్పుడే అమ్మ అడిగింది: "సీసీలు, సీసీలంటారు. ఏంటిరా అవి, సీసాలా?"

"సీసాలే అనుకో అక్కయ్యా. ఇంజను ఒక్క గుక్కలో ఎంత మింగుతుందో ఆ కొలత."

"అయితే పెద్ద సీసా కొనండి. గొడవ వదిలిపోతుంది."

"పెద్ద సీసాకి పెద్ద సంచీ కావాలి కదా. ఆ సంచీ బరువెవరు మోస్తారు, నువ్వు మోస్తావా?"

"నన్నే ఆరుగురు మొయ్యాలి. నేనేం మోస్తాను!"

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు.

కిందటి వారం పెద్ద కారును పొన్నూరు దారిలోని వంతెన మీద పరీక్షించాం. మావయ్య నడిపారు, పక్కన అమ్మ. వెనక నేను, తమ్ముడు, మా ఆడవాళ్ళిద్దరు. కారు సునాయాసంగా ఎక్కింది. తమ్ముడు చప్పట్లు కొట్టి, "చూశావా అన్నయ్యా, ఎలా పోయిందో!" అన్నాడు.

పైన కారు ఆగింది. మావయ్య తల బయట పెట్టారు. "పోయింది సరే. మీరంతా అక్కడేం చేస్తున్నారు?"

అప్పుడు గాని తెలియలేదు మాకు. అలవాటు కొద్దీ నలుగురం దిగిపోయి, కింద రోడ్డు మీద నిలబడి ఉన్నాం.

"ఎక్కండర్రా! మీరు దిగితే పరీక్ష బండికా, మీ కాళ్ళకా?"

రెండోసారి అందరం ఎక్కాం. ఆయన ఎత్తు మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించారు. కదిలేలోగా కారు కాస్త వెనక్కు జారింది. అమ్మ తలుపు పట్టుకుంది. "దీనికి దీని ఒళ్ళే బరువురా. చిన్నది కూడా చూశాక చెబుతాను" అన్నారు మావయ్య. అవే ఆయన నాతో అన్న ఆఖరి మాటలు.

గురువారం బాపట్లలో అత్తయ్య మమ్మల్ని చూసి ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు చూసింది. "కాఫీ తాగారు. మీ కారు గురించే చెబుతున్నారు. ఏమో, చిన్నదే నెగ్గుతుందేమో అన్నారు. ఒక కాలికి చెప్పు వేసుకున్నారు. అంతేరా" అంది. జబ్బు లేదు, మంచం పట్టలేదు. ఇప్పటికీ నాకు ఆ వాక్యం అక్కడితో ఆగినట్టు లేదు; ఆయన రెండో చెప్పు వేసుకుని వస్తారనే ఉంది.

కార్యం ముగిసింది. చావింట వెళ్ళొస్తామని చెప్పకూడదు కనుక, ఎవరికీ ఏమీ చెప్పకుండా కారెక్కాం. పొద్దు వాలుతోంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను తలుపు మీద చెయ్యి వేశాను.

"దిగకండి" అంది అమ్మ. కారు నడుపుతున్న తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, సగంలో ఆపు."

"ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు తమ్ముడు.

"వాడు ఆపేవాడు. ఆపు."

తమ్ముడు ఆపాడు. కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. కారు వెనక్కు జారలేదు. అందరి బరువుతోనూ నెమ్మదిగా, తొణక్కుండా పైకి వెళ్ళింది. ఒక మనిషి తక్కువే. పొద్దున ఎవరం దిగకుండా ఇదే వంతెన దాటినప్పుడు ఆయన చోట కబురు తెచ్చినాయన కూర్చున్నాడు కనుక లెక్క సరిపోయిందనే అనుకోవాలి. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

దిగువకు వచ్చాక అమ్మ అంది: "రేపల్లె పిల్లకి ఇంకా తెలియదు. వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు, రేపు గాని రారు కదా. నేను వెళ్ళి చెప్పాలి."

"కబురు పంపిద్దామమ్మా."

"మేనమామరా. బస్సులో ఎవరి చేతో పంపుతావా?"

డాక్టరుగారికి కారు మేమే తీసుకుంటామని చెప్పి, ఈరోజు బయలుదేరాం. దారిలో ఎన్ని వంతెనలు వచ్చాయో, నా స్వభావానికి విరుద్ధంగా, నేను లెక్కపెట్టలేదు.

చెల్లెలు వాకిట్లో చీరలు ఆరేస్తోంది. కొత్త కారు చూసి ఎవరోననుకుంది. ముందుసీటులో అమ్మను పోల్చుకుంది. చేతిలోని తడిచీర తీగ మీద సగం వేసి, సగం వేలాడుతుండగానే వదిలేసి, "అమ్మ వచ్చింది! ఏమండీ, అమ్మ వచ్చిందండీ!" అని నవ్వుతూ గేటు వైపు పరుగెత్తుకొస్తోంది.

రేపల్లె, శుక్రవారం సాయంత్రం ఐదుంబావు.

మద్దుకూరి వీరరాఘవయ్య