రెజీనా వస్తాండాది, లేచి కూచోండి

కర్నూలులో మా ఆసుపత్రి ఎముకల వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్‌ని. పేరు నాగలత. నా నోటికి జడిసి వార్డులో ఈగ కూడా వాలదని అంటారు. అలాంటి నేను జంకేది ఒక్క మనిషికే, మా ఫిజియోథెరపిస్టు రెజీనాకు.

ఆమెది కడప. తండ్రి ఏసురాజు ఆటో నడిపి చదివించాడు. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేది. ఆటలో మోకాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైతే, ఏడుస్తున్న పిల్లను ఒక ఫిజియో డాక్టరమ్మ బలవంతాన లేపి నిలబెట్టిందట. ఆ రోజే తన చదువేమిటో తేల్చుకుంది. ఆట పోయింది గానీ గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. వరండాలో ఉండగానే, “లెయ్యండి, లెయ్యండి! ఇదేమన్నా అత్తగారిల్లా?” అని వినిపిస్తుంది. తెలిసిన రోగులు, “రెజీనా వస్తాండాది, లేచి కూచోండి” అని కొత్తవాళ్ళను హెచ్చరిస్తారు.

మావాళ్ళకు ఫిజియో అంటే మాలీషు. ఆమెను చూడగానే కాళ్ళు చాపేస్తారు. “పిసికేకి రాలేదప్పా, నిన్ను లేపేకి వచ్చినా” అంటుంది. ఆపరేషన్ అయిన మరునాడే మనిషిని లేపడం ఆమె ఉద్యోగం. పడుకున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది, కండ కరిగిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా మా సీమ జనానికి ఆపరేషన్ అయిన ఒళ్ళు పచ్చి ఒళ్ళే. బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి, కదిలిస్తే కుట్లు ఊడతాయి! వాళ్ళ ప్రేమను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సుబ్బలక్ష్మమ్మ సంగతి అలాగే మొదలైంది. ఆళ్ళగడ్డ వైపు పెద్ద రైతు కుటుంబం. అరవై దాటిన మనిషి, అహోబిలంలో మెట్లు దిగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. మరునాటి నుంచి కాలి మీద బరువు మోపవచ్చని డాక్టరు గారు రాసిచ్చారు. కానీ కొడుకు చైతన్య మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మాయింట్లో అమ్మను మంచినీళ్ళు గూడా ముంచుకోనియ్యం. నువ్వేమో నడిపిస్తానంటాండావు. పడితే ఎవరు జవాబు?” అన్నాడు.

“పడితే నేను జవాబు. పండుకొని దమ్ము ఆడకపోతే నువ్వు జవాబు. ఏది కావల్లో చెప్పన్నా!” అంది రెజీనా.

అతను మంచం దగ్గర నుంచి జరిగాడు గానీ, పలకరించడానికి వచ్చే బంధువుల నోళ్ళు ఎవరు మూస్తారు? బత్తాయి వొలుచుకుంటూ ఒకాయన, “మా చిన్నాయనకూ ఇట్లే తుంటి ఇరిగినాది. తొందరపడి లేపినారు. అంతే, ఇంగ మనిషి దక్కలేదు” అన్నాడు. ధైర్యం చెప్పడమంటే మావాళ్ళకు ఇదే! సుబ్బలక్ష్మమ్మ మంచం కడ్డీని గట్టిగా పట్టుకుంది.

రెజీనా పట్టు వదల్లేదు. గాలి పీలిస్తే బంతులు లేచే గొట్టంతో ఊపిరి తీయించింది, పాదాలు పైకీ కిందికీ ఆడించింది, బీపీ చూసుకుంటూ మంచం అంచున కూర్చోబెట్టింది. కళ్ళు తిరగలేదు. కాళ్ళలో సత్తువ ఉంది. నిలబడమంటే మాత్రం, “నా పానం పోతాంది పాపా, పండుకోబెట్టు” అని ఒకటే ఏడుపు. ఈలోగా జ్వరం వచ్చింది, రొమ్ములో గురగుర మొదలైంది. ఇలాగే ఉంటే ఐసీయూకు మార్చక తప్పదన్నారు డాక్టరు గారు. అది విని ఆమె నా చెయ్యి పట్టుకుని, “సిస్టరూ, ఇంగ నేను నడవనేమో. మంచాన పడి బతికేకంటే పోయేదే మేలు” అంది.

ఆ పూట రెజీనా ఆమె నడుముకు బెల్టు కట్టి, ముందు వాకరు పెట్టి, మంచం అంచున కూర్చోబెట్టి బతిమాలుతుండగా వార్డులో బంధువులందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. సుబ్బలక్ష్మమ్మ అత్తగారు లక్ష్మీదేవమ్మ వచ్చింది. తొంభైకి దగ్గర పడిన మనిషి, చేతిలో కర్ర ఉన్నా నడుం వంగలేదు. వచ్చి మంచానికి ఎదురుగా నిలబడింది.

ఆ ఇళ్ళల్లో అత్త నిలబడి ఉంటే కోడలు కూర్చోదు. సుబ్బలక్ష్మమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కనాడూ అత్త ఎదుట కూర్చోలేదట. చెయ్యి దానంతటదే పైట సర్దుకుంది. ముళ్ళ మీద కూర్చున్నట్టు అటూ ఇటూ కదిలింది. చైతన్య కుర్చీ తెచ్చి అవ్వ వెనక వేశాడు. రెజీనా పొడుగాటి కాలు చాపి ఆ కుర్చీని పక్కకు నెట్టేసింది. ముసలమ్మ కుర్చీనీ చూసింది, రెజీనానూ చూసింది. సంగతి పసిగట్టింది.

“వద్దులే పాపా, నిలబడుకుంటా. నాకేం, కాళ్ళు ఉండాయి!” అంది.

“అవ్వా, నువ్వు కూచో…” అని చైతన్య అందుకున్నాడు.

“నువ్వు ఊరుకోరా.”

సుబ్బలక్ష్మమ్మ ముఖం ఎర్రబడింది. రెండు అరచేతులూ పరుపు మీద ఆనించింది. రెజీనా ఆపరేషన్ అయిన వైపు చేరి బెల్టు పట్టుకుంది. “వాకరు పట్టి లాగద్దు పెద్దమ్మా. మంచాన్ని నూకు. కొంచెం ముందుకు… ఊ, లెయ్!”

లేచింది! నుదుటి మీద చెమట పట్టింది, అయినా నిలబడింది. నిలబడగానే లోపలి నుంచి పెద్ద దగ్గు వచ్చి, రొమ్ములో పేరుకున్నదంతా బయటపడింది. “శభాష్! అదీ!” అని రెజీనా అరిచిన అరుపుకు పక్క వార్డువాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

ముసలమ్మ ఇంకా కూర్చోలేదు. కోడలిని చూస్తూనే గుమ్మం వైపు వెనక్కి వెనక్కి జరిగింది. ముందు వాకరు, తర్వాత నొప్పి కాలు, తర్వాత మంచి కాలు. సుబ్బలక్ష్మమ్మ అలా ఆమె దాకా నడిచి వెళ్ళి, ఆయాసపడుతూ, “ఇంగ కూచోండత్తా, కాళ్ళు నొయ్యవా?” అంది.

“నడిచొచ్చి చెప్పినావు, ఇప్పుడు కూచుంటానే తల్లీ” అంది ముసలమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు. నా సంగతి చెప్పక్కర్లేదు.

జ్వరం దిగింది. ఐసీయూ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వెళ్ళే రోజు మా వార్డు బాయ్ బొజ్జన్న అలవాటు కొద్దీ స్ట్రెచర్ తోసుకొచ్చాడు. సుబ్బలక్ష్మమ్మ దాన్ని ఎగాదిగా చూసి, “దాంట్లో మా చైతన్యను పండుకోబెట్టప్పా. నన్ను మోసి మోసి శానా అలిసిపోయినాడు” అని, వాకరు అందుకుని వరండా పొడుగునా నడిచిపోయింది. “తల ఎత్తి నడువు పెద్దమ్మా!” అంటూ రెజీనా గొంతు గేటు దాకా ఆమె వెంట వెళ్ళింది.